పాత అనలాగ్ ఆసిలోస్కోపు: దీపం వెలుగుతోంది, గీత రావడం లేదు

పచ్చగీత రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 20 మెగాహెర్ట్జ్, రెండు ఛానెళ్ళ అనలాగ్ ఆసిలోస్కోపు (విద్యుత్ సంకేతాలను తెర మీద గీతగా చూపే పరికరం) ఒకటి ఉంది. 12 ఏళ్ళకు పైగా వాడకుండా అలమరలో ఉండిపోయిన దాన్ని నిన్న బయటికి తీసి, దుమ్ము తుడిచి, ఆన్ చేశాను. ముందు పలక మీది చిన్న దీపం వెలిగింది. వెనక సందుల్లోంచి చూస్తే సీఆర్‌టీ (తెర ఉండే కాథోడ్ రే ట్యూబు) మెడలో హీటరు నారింజ రంగులో కనబడుతోంది. తెర మీద మాత్రం గీత గానీ చుక్క గానీ రాలేదు. ఫ్యూజు పోలేదు, కాలిన వాసన లేదు, ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పటిలాగే సన్నగా గుంయ్‌మంటోంది.

సర్క్యూట్ పటాలతో కూడిన సర్వీసు మాన్యువల్ దొరికింది. సాధనాలంటే ఒక డిజిటల్ మల్టీమీటరు, ఒక సోల్డరింగ్ ఐరన్, ఒక భూతద్దం మాత్రమే ఉన్నాయి. స్కోపును బాగుచేయాలంటే ఇంకో స్కోపు ఉండాలని చదివాను, నాకు ఆ అవకాశం లేదు. నేను తరంగాలంటే ఏమిటో మొదటిసారి కళ్ళతో చూసింది ఈ తెర మీదే కాబట్టి దీన్ని విడిభాగాల కోసం విప్పేయడానికి మనసు ఒప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

కొలతలమనిషి రాశారు:

పచ్చగీత గారూ, మాన్యువల్ ఉందంటే సగం పని అయినట్టే. మల్టీమీటరుతోనే చాలా దూరం వెళ్ళవచ్చు, ఎందుకంటే ఇలాంటి పాత స్కోపుల్లో ఎక్కువ లోపాలు డీసీ వోల్టేజీల్లోనే బయటపడతాయి. ఆ మాన్యువల్ గీసినవాళ్ళు ప్రతి ముఖ్యమైన బిందువు దగ్గరా ఎన్ని వోల్టులు ఉండాలో పటం మీదే రాసి ఉంటారు.

మూత తీయకముందే ఒక పని చేయండి. ట్రిగ్గర్‌ను (గీత ఎప్పుడు బయలుదేరాలో నిర్ణయించే భాగాన్ని) ఆటోలో పెట్టండి. రెండు ఛానెళ్ళ ఇన్‌పుట్‌లను గ్రౌండ్ స్థానానికి తిప్పండి. నిలువు, అడ్డు పొజిషన్ నాబులను మధ్యలో ఉంచండి. టైంబేస్‌ను (గీత అడ్డంగా నడిచే వేగాన్ని) 1 మిల్లీసెకండ్‌కు పెట్టి, ఎక్స్-వై మీట నొక్కి ఉంటే వదలండి. ఇంటెన్సిటీని మూడు వంతులు పెంచి, ఒక నిమిషం వేడెక్కనివ్వండి. అప్పుడు బీమ్ ఫైండ్ మీట ఉంటే నొక్కి పట్టుకుని తెరను చీకట్లో చూడండి. ఆ మీట డిఫ్లెక్షన్ (కిరణాన్ని పక్కలకు వంచే) ఆంప్లిఫయర్ల శక్తిని తగ్గించి, ఎటో పోయిన కిరణాన్ని తెర మీదికి లాక్కొస్తుంది. ఏదో ఒక మరక కనబడినా సీఆర్‌టీ బతికే ఉందనీ, హై వోల్టేజ్ వస్తోందనీ తెలిసిపోతుంది. చుక్క ప్రకాశంగా ఒకే చోట నిలిచిపోతే మాత్రం వెంటనే ఇంటెన్సిటీ తగ్గించాలి, లేకపోతే ఆ చోట ఫాస్ఫర్ (తెర లోపలి వెలిగే పూత) కాలి శాశ్వతంగా మచ్చ పడుతుంది.

వాల్వులకాలం రాశారు:

ట్రిగ్గర్ మాట పైన వచ్చింది కాబట్టి దాని సంగతి కొంచెం వివరిస్తాను. కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1897లో కాథోడ్ రే ట్యూబు చేసిన తరవాత చాలా కాలం పాటు స్కోపుల్లో స్వీప్ (కిరణం తెర మీద అడ్డంగా తీసే పరుగు) తనంతట తాను తిరుగుతూనే ఉండేది, సిగ్నల్‌తో దాన్ని ఎలాగో జత కలపాల్సి వచ్చేది. 1946లో మొదలైన టెక్‌ట్రానిక్స్ 1947లో అమ్మకానికి తెచ్చిన 511 మోడల్‌తో ట్రిగ్గర్ వచ్చినప్పుడే బయలుదేరే స్వీప్ పనిబల్లల మీదికి చేరింది. దానివల్ల కొలత నిక్కచ్చి అయింది. కానీ నార్మల్ ట్రిగ్గర్‌లో సిగ్నల్ లేకపోతే గీత అసలు రాదు. చెడిపోయిందని నా దగ్గరికి తెచ్చిన స్కోపుల్లో కొన్ని ఈ ఒక్క మీట తిప్పగానే బాగుపడ్డాయి. కనుక కొలతలమనిషి గారు చెప్పిన అమరికను తేలిగ్గా తీసుకోకండి.

పచ్చగీత రాశారు:

చెప్పినట్టే అన్నీ అమర్చాను. మామూలుగా ఏమీ లేదు. బీమ్ ఫైండ్ నొక్కితే తెర పైభాగంలో కుడి మూలకు దగ్గరగా, గోరంత పరిమాణంలో, అంచులు చెదిరిన పచ్చటి మరక కనబడింది. మీట వదలగానే అది పైకి జారి మాయమవుతోంది. నిలువు పొజిషన్ నాబును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పితే మరక కాస్త కదులుతోంది గానీ మధ్యకు రావడం లేదు.

కొలతలమనిషి రాశారు:

మంచి కబురు. హై వోల్టేజ్ ఉంది, సీఆర్‌టీ ఉంది, కిరణం ఉంది. కిరణాన్ని ఎవరో ఒక పక్కకు లాగుతున్నారు. డిఫ్లెక్షన్ ప్లేట్లు జంటగా పనిచేస్తాయి, రెండు ప్లేట్ల మీదా దాదాపు ఒకే వోల్టేజ్ ఉన్నప్పుడే కిరణం మధ్యలో నిలబడుతుంది. నిలువుగానూ అడ్డంగానూ ఒకేసారి తూకం తప్పిందంటే రెండు ఆంప్లిఫయర్లూ విడివిడిగా చెడిపోయాయని అనుకోవడం కంటే, ఆ రెండింటికీ అన్నం పెట్టే ఏదో ఒక సప్లై కుంటుపడిందని అనుకోవడం సబబు. ఇప్పుడు మూత తీసి లో వోల్టేజ్ సప్లైలను కొలవాలి. దానికంటే ముందు ఎర్త్‌తీగ గారు వచ్చి జాగ్రత్తలు చెబితే బాగుంటుంది.

ఎర్త్‌తీగ రాశారు:

పిలిచినందుకు సంతోషం. నేను చెప్పేవి అన్నీ ఆచరించాకే స్క్రూడ్రైవరు పట్టుకోండి.

ప్లగ్గు గోడ నుంచి పీకి, పక్కన మీ కంటికి కనబడేలా పెట్టండి. స్విచ్ ఆపితే సరిపోదు, చాలా స్కోపుల్లో ఆపిన తరవాత కూడా స్విచ్ దాకా మెయిన్స్ ఉంటుంది. కొన్ని నిమిషాలు ఆగి, కొన్ని పదుల కిలోఓముల రెసిస్టరును పొడవాటి ప్లాస్టిక్ కడ్డీ చివర కట్టి, పెద్ద కెపాసిటర్లను దాని ద్వారా చాసీకి (లోహపు చట్రానికి) డిశ్చార్జ్ చేయండి, ఆ తరవాత మీటరుతో సున్నా అయిందని చూసుకోండి. స్క్రూడ్రైవరుతో నేరుగా షార్ట్ చేయడం వల్ల కెపాసిటరూ ట్రాన్సిస్టర్లూ దెబ్బతింటాయి.

మీ మాన్యువల్‌లో కాథోడ్ వోల్టేజ్ ఎంతో చూడండి, ఈ తరగతి స్కోపుల్లో అది దాదాపు మైనస్ 2000 వోల్టుల దగ్గర ఉంటుంది. చాలామంది పొరబడే చోటు ఇదే: సీఆర్‌టీ హీటరుకు ఇచ్చేది 6.3 వోల్టులే గానీ, ఆ తీగలు రెండూ కాథోడ్‌తో పాటు ఆ మైనస్ 2000 దగ్గరే తేలుతూ ఉంటాయి. ఆరు వోల్టులే కదా అని ఎవరూ వాటిని ముట్టుకోకూడదు, మామూలు మల్టీమీటరు తీగలు పెట్టకూడదు.

కరెంటు ఉన్నప్పుడు కొలవాల్సి వస్తే మీటరు నల్ల తీగను చాసీకి క్లిప్పుతో బిగించి, ఎర్ర తీగను ఒక్క చేత్తోనే పట్టుకోండి, రెండో చెయ్యి పరికరానికి దూరంగా ఉండాలి. ఉంగరం, గొలుసు తీసేయండి. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడే ఈ పని చేయండి, ప్లగ్గు ఎక్కడ ఉందో వారికి చూపించండి. ఏ కారణం చేతనైనా సరే ప్లగ్గులోని ఎర్త్ పిన్నును తీసేయవద్దు. ప్రోబు గ్రౌండ్ క్లిప్పు నేరుగా చాసీకి, చాసీ ఎర్త్‌కు కలిసి ఉంటాయి. ఆ దారి తెగితే లోపల చిన్న లీకేజీ వచ్చినా పరికరం ఒళ్ళంతా ప్రమాదమే.

టంకంపొగ రాశారు:

జాగ్రత్తలన్నీ సరైనవే. కొలతల విషయంలో మాత్రం నా పద్ధతి వేరు. నాలుగు దశాబ్దాల వయసున్న స్కోపులో ఎలక్ట్రొలిటిక్ కెపాసిటర్లు ఎలాగూ ఆయుష్షు తీరినవే. వాటన్నిటినీ ఒకేసారి మార్చేస్తే ఈ లోపమూ పోతుంది, రేపు రాబోయే లోపాలూ పోతాయి. ఒక్కొక్కటి వెతుక్కుంటూ కూర్చుంటే వారాలు గడుస్తాయి. నేను చాలా పరికరాలను ఇలాగే నిలబెట్టాను.

కొలతలమనిషి రాశారు:

టంకంపొగ గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ మొదటిసారి పనిచేసేవారికి ఆ దారి చూపించడానికి నేను ఒప్పుకోను. 40 కెపాసిటర్లు మార్చడమంటే 80 సోల్డర్ జాయింట్లు విప్పి మళ్ళీ వేయడం. పాత బోర్డుల్లో రాగి పూత వేడికి లేచిపోతుంది, ఒక్కటి తిరగబడి పడినా కొత్త లోపం పుడుతుంది. అప్పుడు పాత లోపం ఏదో, మనం పెట్టింది ఏదో తెలియదు. ముందు కొలుద్దాం. చెడిందని తేలినదాన్ని మారుద్దాం. ఒక మార్పు, ఒక కొలత.

పచ్చగీత గారూ, ముందుగా మాన్యువల్‌లో ఏ సప్లై మిగతావాటికి రిఫరెన్సో చూసి దాన్ని కొలవండి, తరవాత మిగతావి. ప్రతి సప్లైకీ డీసీ ఎంతో, దాని మీద ఏసీ రిపుల్ (డీసీలో మిగిలిపోయే ఒడిదుడుకు) ఎంతో రెండూ రాయండి. చవక మీటర్లు ఏసీ రేంజిలో డీసీని కూడా కలిపి చూపించి మోసం చేస్తాయి, కనుక ఎర్ర తీగకు వరసగా 250 వోల్టుల రేటింగున్న 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటరు పెట్టి కొలవండి. రెగ్యులేటర్ (వోల్టేజ్‌ను స్థిరంగా ఉంచే భాగం) తరవాతే కాదు, దానికి ముందు ఇన్‌పుట్ దగ్గర కూడా కొలవాలి.

పచ్చగీత రాశారు:

ఈ రోజు రెండు గంటలు కూర్చుని నింపాదిగా కొలిచాను. ప్లస్ 12 సప్లై రిఫరెన్సు, అది 11.98 వచ్చింది. ప్లస్ 5 దగ్గర 5.02, ప్లస్ 140 దగ్గర 141 వోల్టులు ఉన్నాయి. మైనస్ 12 ఉండాల్సిన చోట మాత్రం మైనస్ 8.4 వస్తోంది.

రెగ్యులేటర్ల ఇన్‌పుట్‌లు ఇలా ఉన్నాయి. ప్లస్ వైపు డీసీ 17.4, రిపుల్ 0.3. మైనస్ వైపు డీసీ 11.4, రిపుల్ 5.3 వోల్టులు. రెండు వైపులా ఒకే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టు, ఒకే బ్రిడ్జి (ఏసీని డీసీగా మార్చే డయోడ్ల జత), ఒకే రకం 2200 మైక్రోఫారడ్ల కెపాసిటర్లు ఉన్నాయని పటంలో చూశాను. మైనస్ వైపు ఎక్కడో షార్ట్ ఉండి కరెంటు ఎక్కువ లాగుతోందా?

కొలతలమనిషి రాశారు:

ఇంత చక్కగా కొలిచి రాస్తే లోపం తనంతట తనే చెప్పుకుంటుంది. మీ ప్రశ్నకు మీ అంకెల్లోనే జవాబు ఉంది.

ప్లస్ వైపు చూస్తే ఆ చుట్టు శిఖర వోల్టేజ్ సుమారు 18 అని తెలుస్తోంది. 18 వోల్టుల శిఖరం గల ఫుల్‌వేవ్ రెక్టిఫయరు తరవాత కెపాసిటరే లేదనుకోండి. అప్పుడు సగటు డీసీ, శిఖరానికి 0.637 రెట్లు, అంటే 11.5. దాని మీది రిపుల్ శిఖరానికి 0.31 రెట్లు, అంటే 5.5. మీకు వచ్చినవి 11.4, 5.3. అంటే అక్కడ కెపాసిటరు ఉన్నా లేనట్టే. షార్ట్ ఉండి కరెంటు ఎక్కువగా లాగుతుంటే బ్రిడ్జో ట్రాన్స్‌ఫార్మరో వేడెక్కాలి, వోల్టేజ్ శిఖరం కూడా పడిపోవాలి, అంకెలు ఇంత శుభ్రంగా సిద్ధాంతానికి అతకవు. రెగ్యులేటర్ బాగానే ఉంది, ప్రతి అర చక్రంలోనూ దాని ఇన్‌పుట్ కిందికి పడిపోతుంటే అది మాత్రం ఏం చేస్తుంది?

ప్లగ్గు పీకి, డిశ్చార్జ్ చేసి, ఆ కెపాసిటరును తీసి విడిగా కొలవండి. తీయబోయే ముందు దాని కాళ్ళ దగ్గర భూతద్దంతో చూడటం మరిచిపోకండి.

పచ్చగీత రాశారు:

చేతులు ఇంకా వణుకుతున్నాయి, సంతోషంతో. బోర్డు వెనక వైపు భూతద్దం పెట్టి, టార్చిలైటును పక్కవాటంగా వేసి చూశాను. ఆ కెపాసిటరు నెగటివ్ కాలు చుట్టూ సోల్డర్‌లో తలవెంట్రుకంత సన్నని బూడిదరంగు వలయం కనబడింది. అగ్గిపుల్లతో కెపాసిటరును పై నుంచి మెల్లిగా నెడితే కాలు ఆ వలయం లోపల కదులుతోంది, సోల్డర్ కదలడం లేదు. కెపాసిటరును తీసి కొలిస్తే 2080 మైక్రోఫారడ్లు వచ్చింది, దానికే జబ్బూ లేదు. పాత సోల్డర్ పీల్చేసి, కాలును గీకి శుభ్రం చేసి, కొత్త సోల్డర్ వేశాను. మైనస్ 12 దగ్గర ఇప్పుడు మైనస్ 12.01 వస్తోంది, ఇన్‌పుట్ రిపుల్ 0.3కి దిగింది. తెర మధ్యలో పచ్చటి గీత నిలబడింది!

టంకంపొగ రాశారు:

మనస్ఫూర్తిగా అభినందనలు. నా పద్ధతిలో ఆ కెపాసిటరును మార్చినా కొత్త సోల్డర్ పడేది కాబట్టి స్కోపు బాగుపడేది. కానీ నేను కెపాసిటరే చెడిందని నమ్మి ఉండేవాణ్ణి, పక్కనున్న ఇతర బరువైన భాగాల కాళ్ళను చూసేవాణ్ణి కాదు. ఆ మాట ఒప్పుకోవాలి. పచ్చగీత గారూ, ఆ బోర్డు మీద ట్రాన్స్‌ఫార్మర్ పిన్నులు, హీట్‌సింకుకు బిగించిన ట్రాన్సిస్టర్ల కాళ్ళు, తరచుగా తిప్పే నాబుల వెనక జాయింట్లు కూడా అదే భూతద్దంతో చూడండి. వేడెక్కి చల్లారే ప్రతిసారీ లోహం కొంచెం సాగి ముడుచుకుంటుంది, బరువంతా కాళ్ళ మీదే మోసే భాగాల దగ్గర సోల్డర్ అలసిపోతుంది.

పచ్చగీత రాశారు:

చూశాను. ప్లస్ వైపు కెపాసిటరుకూ, ఒక రెగ్యులేటర్ ట్రాన్సిస్టరుకూ అలాంటి వలయాలే మొదలవుతున్నాయి, వాటినీ తిరగ సోల్డర్ చేశాను.

ఇప్పుడు రెండు చిక్కులు మిగిలాయి. గీత లావుగా ఉంది, ఫోకస్ నాబును పూర్తిగా ఒక చివరకు తిప్పినా సన్నబడటం లేదు. వోల్ట్స్ పర్ డివిజన్, టైంబేస్ స్విచ్‌లను తిప్పుతుంటే గీత ఎగిరెగిరి పడుతోంది, కొన్ని స్థానాల్లో నాబును కొంచెం అదిమి పట్టుకుంటేనే నిలుస్తోంది.

వాల్వులకాలం రాశారు:

రెండోది తేలిక. స్విచ్‌ల మీద స్ప్రే క్లీనరు కుమ్మరించకండి. పాత వేఫర్ స్విచ్‌ల ఫినాలిక్ పలక ద్రవాన్ని పీల్చుకుంటే అటెన్యుయేటరులో (సిగ్నల్‌ను తగ్గించే భాగంలో) లీకేజీ మొదలై కొలతలు తప్పుతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దళసరి కాగితం ముక్కను కాంటాక్టుల మధ్య ఉంచి మెల్లగా లాగండి, కాగితం నల్లగా వస్తుంది. శుభ్రంగా వచ్చేదాకా కొత్త ముక్కలతో చేసి, స్విచ్‌ను 20 సార్లు అటూ ఇటూ తిప్పి, పూర్తిగా ఆరాకే కరెంటు ఇవ్వండి. గరుకు కాగితం వాడితే కాంటాక్టు మీది పూత పోతుంది.

కొలతలమనిషి రాశారు:

ఫోకస్ సంగతి నేను చెబుతాను. కాథోడ్ దగ్గరి మైనస్ వోల్టేజ్ నుంచి గ్రౌండ్ దాకా పెద్ద విలువల రెసిస్టర్లు వరసగా ఉంటాయి, ఆ గొలుసు మధ్యలోనే ఫోకస్ నాబు ఉంటుంది. మెగాఓముల విలువగల పాత కార్బన్ రెసిస్టర్లు ఏళ్ళ తరబడి వందల వోల్టులు మోసి మోసి విలువ పెరిగిపోతాయి. అప్పుడు ఫోకస్‌కు కావలసిన వోల్టేజ్ నాబు పరిధి దాటి బయటికి పోతుంది. నాబు ఒక చివర ఆగిపోయి ఇంకా కావాలనిపించడం దానికి గుర్తు. ప్లగ్గు పీకి, డిశ్చార్జ్ చేసి, ఆ గొలుసులోని ప్రతి రెసిస్టరును ఒక కాలు ఎత్తి కొలవండి. కొలిచేటప్పుడు మీటరు తీగల లోహపు కొనలను రెండు చేతులతో పట్టుకోకండి, మెగాఓముల రేంజిలో మీ ఒళ్ళు కూడా ఒక రెసిస్టరే.

పచ్చగీత రాశారు:

కాగితం ముక్కలు 15 దాకా నల్లబడ్డాయి, స్విచ్‌లు ఇప్పుడు ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తున్నాయి. ఫోకస్ గొలుసులో 4.7 మెగాఓములు ఉండాల్సిన రెసిస్టరు 7.9 చూపించింది, మిగతావి పది శాతం లోపే ఉన్నాయి. నా దగ్గర పావు వాట్ రెసిస్టర్లు ఉన్నాయి, పెట్టవచ్చా?

కొలతలమనిషి రాశారు:

ఒక్కదాన్నే పెట్టకూడదు. ఇక్కడ చూడాల్సింది వాట్లు కాదు, వోల్టులు. మామూలు పావు వాట్ రెసిస్టరు 250 వోల్టుల దాకానే ఓర్చుకుంటుంది. ఆ గొలుసులో 150 మైక్రోఆంపియర్లు పారుతుంటే 4.7 మెగాఓముల మీద 700 వోల్టులు పడతాయి. 1.2 మెగాఓములవి నాలుగు వరసగా కలిపితే మొత్తం 4.8 అవుతుంది, ఒక్కొక్కదాని మీద 175 వోల్టులే పడతాయి. కాళ్ళను పొట్టిగా కత్తిరించి, జాయింట్లు గుండ్రంగా, ముళ్ళు లేకుండా వేసి, పైన దళసరి స్లీవు తొడగండి. లోహపు షీల్డుకు తగలకుండా ఎడం ఉంచండి.

ఆ తరవాత కాథోడ్ వోల్టేజ్ కొలవాలి. మీ మీటరు ఇన్‌పుట్ 10 మెగాఓములైతే, 10 మెగాఓముల రెసిస్టర్లు పదింటిని వరసగా కట్టి దాని ముందు పెట్టండి. మొత్తం 110లో మీటరు భాగం 10 కాబట్టి 11వ వంతు కనబడుతుంది. మైనస్ 1900 ఉంటే మీటరు 172.7 చూపించాలి.

ఎర్త్‌తీగ రాశారు:

ఈ చివరి పద్ధతికి ఒక కఠినమైన షరతు చేరుస్తున్నాను. మీటరు తీగ ఊడినా, మీటరు రేంజి మారి లోపల తెగినా, ఆ రెసిస్టర్ల కింది చివర పూర్తి 1900 వోల్టులకు ఎక్కుతుంది. కనుక ఆ కింది చివర నుంచి చాసీకి శాశ్వతంగా ఇంకో 10 మెగాఓముల రెసిస్టరు సోల్డర్ చేయండి. అప్పుడు మీటరుతో కలిసి అక్కడ 5 మెగాఓములవుతాయి, 105లో 5 అంటే 21వ వంతు, 1900కు మీటరు 90.5 చూపిస్తుంది. గొలుసంతటినీ ప్లాస్టిక్ గొట్టంలో దూర్చండి. కరెంటు లేనప్పుడే క్లిప్పులు బిగించి, చేతులు తీసి, ప్లగ్గు పెట్టి, అంకె చదివి, ప్లగ్గు పీకి, ఆగి, డిశ్చార్జ్ చేసి, అప్పుడే క్లిప్పులు విప్పండి.

పచ్చగీత రాశారు:

ఎర్త్‌తీగ గారు చెప్పినట్టే కట్టాను. మీటరులో 89.8 కనబడింది, అంటే మైనస్ 1886 వోల్టులు. మాన్యువల్ ప్రకారం 1900కు రెండు శాతం అటూ ఇటూ ఉండవచ్చు, కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. కొత్త రెసిస్టర్లతో ఫోకస్ నాబు మధ్యకు వచ్చింది, గీత సూదిమొనతో గీసినట్టుంది.

పచ్చగీత మళ్ళీ రాశారు:

తొమ్మిది రోజుల తరవాత తిరిగి వచ్చాను. నిన్న స్కోపు నడుస్తుండగా చిన్నగా టప్‌మన్న శబ్దం వచ్చి గీత మాయమైంది. వెంటనే ప్లగ్గు పీకాను. ప్లస్ 12 సప్లై నుంచి గ్రౌండ్‌కు రెసిస్టెన్స్ 1.3 ఓములే ఉంది. అది ఏడు బోర్డులకు వెళుతోంది, షార్ట్ ఎక్కడుందో తెలియడం లేదు.

టంకంపొగ రాశారు:

ఇది టాంటలం కెపాసిటరు పని. అల్యూమినియం ఎలక్ట్రొలిటిక్ సాధారణంగా ఎండిపోయి విలువ కోల్పోతుంది. టాంటలం పూస (పూస ఆకారంలో ఉండే కెపాసిటరు) మాత్రం చెప్పాపెట్టకుండా షార్ట్ అవుతుంది. 12 వోల్టుల లైన్లో 16 వోల్టుల పూసలు పెట్టి ఉంటే మరీను. ఈసారి నేను అన్నీ మార్చమని చెప్పను, ఎక్కడుందో కనిపెట్టే దారి చెబుతాను.

స్కోపు ప్లగ్గు పీకి ఉండగానే, బయటి బెంచ్ సప్లైని 1 వోల్టుకు, కరెంటు పరిమితిని అర ఆంపియరుకు పెట్టి, ఆ ప్లస్ 12 లైనుకూ గ్రౌండ్‌కూ కలపండి. సెమీకండక్టర్లకు అంత తక్కువ వోల్టేజ్ వల్ల హాని ఉండదు. ఇప్పుడు మీటరును మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి, నల్ల తీగను గ్రౌండ్ దగ్గర ఉంచి, ఎర్ర తీగను రాగి దారి వెంట నడిపించండి. షార్ట్ వైపు వెళ్ళేకొద్దీ అంకె మెల్లమెల్లగా తగ్గుతుంది. షార్ట్ దాటి ముందుకు వెళితే అక్కడ కరెంటు పారదు కాబట్టి అంకె మారకుండా నిలిచిపోతుంది. తప్పుదారి కొమ్మల్లోనూ అంతే. అన్నిటికన్నా తక్కువ అంకె వచ్చిన చోట ఉన్న పూసను అనుమానించండి.

పచ్చగీత రాశారు:

దొరికింది! సప్లై బోర్డు దగ్గర 640 మిల్లీవోల్టులు, మధ్య కనెక్టరు దగ్గర 618, ట్రిగ్గర్ బోర్డు వైపు వెళితే 618 దగ్గరే ఆగిపోయింది. ఛానెల్ రెండు ప్రీఆంప్లిఫయరు వైపు తిరిగితే 604, 597, చివరికి పసుపుపచ్చ పూస ఒకదాని కాలు మీద 589. దాని పక్క మీద ఆవగింజంత నల్లటి పగులు ఉంది. ఒక కాలు ఎత్తగానే లైను రెసిస్టెన్స్ 140 ఓములకు పెరిగింది. 10 మైక్రోఫారడ్లు, 16 వోల్టులు అని రాసి ఉంది, దాని స్థానంలో 35 వోల్టులది పెట్టాను. ప్లస్ గుర్తును మూడుసార్లు సరిచూసుకున్నాను, గీత తిరిగి వచ్చింది. ఆ ఒక్క లైన్లో 16 వోల్టుల రేటింగుతో ఉన్న మిగతా ఆరు పూసలనూ ఒక్కొక్కటిగా మార్చి, ప్రతిసారీ సప్లై కొలిచాను.

కొలతలమనిషి రాశారు:

ఆ ఆరింటినీ మార్చడం సరైన నిర్ణయం, కారణం తెలిసి చేశారు. ఇక కాలిబ్రేషన్. వరస తప్పకూడదు: ముందు ప్లస్ 12, తరవాత హై వోల్టేజ్. కాథోడ్ వోల్టేజ్ మారితే కిరణం వేగం మారుతుంది, దానితో గీత వంగే దూరమూ మారుతుంది కాబట్టి ముందే గెయిన్ సరిచేస్తే ఆ శ్రమ వృథా. ఆ తరవాత గీత వంపు, ఫోకస్, ఆస్టిగ్మాటిజం (చుక్క గుండ్రంగా రావడం), డీసీ బాలెన్స్, నిలువు గెయిన్, చివరికి టైంబేస్.

నిలువు గెయిన్‌కు మీటరుతో కొలిచిన 5.00 వోల్టుల డీసీని 1 వోల్ట్ పర్ డివిజన్‌లో ఇచ్చి సరిగ్గా ఐదు గళ్ళు కదిలేలా చూడండి. టైంబేస్‌కు 1 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఆసిలేటరు మాడ్యూలు చాలు. దాని పొరపాటు సాధారణంగా శాతంలో వందో వంతు కూడా ఉండదు, ఇలాంటి స్కోపుకు మూడు శాతం దాకా అనుమతి ఉంటుంది. పదేసి చొప్పున భాగించే కౌంటర్లు తగిలిస్తే 100 కిలోహెర్ట్జ్, 10 కిలోహెర్ట్జ్, 1 కిలోహెర్ట్జ్ వస్తాయి. మెయిన్స్‌ను మాత్రం ప్రోబుతో ఎప్పుడూ ముట్టుకోవద్దు. అర గంట వేడెక్కాకే ఏ స్క్రూ అయినా తిప్పండి, తిప్పేముందు దాని పాత స్థానాన్ని పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

పచ్చగీత రాశారు:

నిన్న సాయంత్రం అంతా పూర్తయింది. ఛానెల్ ఒకటి ఐదు గళ్ళకు సరిగ్గా కదిలింది, ఛానెల్ రెండు అర గడిలో సగం తక్కువగా ఉంటే సరిచేశాను. టైంబేస్‌లో 10 మైక్రోసెకండ్ల దగ్గర తెర అడ్డంగా పది గళ్ళకు 10 చక్రాలు రావాల్సి ఉండగా పదోది గడిలో పదో వంతు ముందుకు జరిగి ఉంది, అంటే ఒక శాతం. దాన్నీ దారికి తెచ్చాను. ప్రోబును 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగానికి పెట్టి చూస్తే మూలలు గుండ్రంగా వచ్చాయి, ప్రోబు మీది చిన్న ట్రిమ్మరును కొద్దిగా తిప్పగానే పైగీత చదునుగా, మూల పదునుగా నిలిచింది. నాలుగు గంటలు ఆన్‌లో ఉంచి గంటకొకసారి సప్లైలు కొలిచాను, మైనస్ 12 చివరికి మైనస్ 12.02 దగ్గర ఆగింది.

ఒక్క సందేహం. హై వోల్టేజ్ భాగం మీద ఒక పసుపు రంగు పలచటి షీటు ఉండేది, విప్పేటప్పుడు అంచు చిరిగింది. మూత వేసేముందు అది అవసరమా?

ఎర్త్‌తీగ రాశారు:

అవసరమే. ఆ షీటు లోహపు మూతకూ హై వోల్టేజ్ జాయింట్లకూ మధ్య ఉండే అడ్డు. చిరిగిన దాన్ని అతికించి వాడకండి, అదే మందం లేదా అంతకన్నా ఎక్కువ మందం ఉన్న పాలిఎస్టర్ ఇన్సులేషన్ షీటును పాతదాని కొలతకు కత్తిరించి, స్క్రూ రంధ్రాలు అవే చోట్ల పొడిచి పెట్టండి. కొత్త రెసిస్టర్లు దాన్ని పైకి నెట్టకుండా చూసుకుని, అప్పుడు మూత బిగించండి.